కోచ్ చేతిలో డైట్ చార్ట్, కంపెనీ లెక్కలో రెన్యూవల్

ఫుడ్స్ అండ్ న్యూట్రిషన్‌లో ఎం.ఎస్సీ. చేసిన అమ్మాయికి ఒకప్పుడు రెండే దారులు కనిపించేవి. కార్పొరేట్ హాస్పిటల్లో డైటీషియన్‌గా చేరి వార్డుల చుట్టూ తిరగడం, లేదంటే కాలేజీలో లెక్చరర్ పోస్టు కోసం ఎదురుచూడటం. ఇప్పుడు మూడో దారి ఒకటి వచ్చింది. బరువు తగ్గించే యాప్ కంపెనీలో న్యూట్రిషన్ కోచ్ ఉద్యోగం, అదీ ఇంటి నుంచే. లాప్‌టాప్, హెడ్‌సెట్, మధ్యలో ఆగిపోని ఇంటర్నెట్ ఉంటే చాలంటాయి ప్రకటనలు. కోఠి మహిళా కళాశాలలోనో, సైఫాబాద్ హోమ్ సైన్స్ కాలేజీలోనో, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో చదివి, పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసిన వాళ్లకు ఈ పని బాగా కలిసొచ్చింది. ఆ మేరకు ప్రకటనల్లో అబద్ధం లేదు.

అయితే కోచ్‌ను ఉద్యోగంలోకి తీసుకునేది పోషకాహారం తెలుసని. పనితనం కొలిచేది మాత్రం, ప్లాన్ ముగిశాక ఎంతమంది క్లయింట్లు మళ్లీ డబ్బు కట్టారన్న లెక్కతో. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం అర్థం కాకపోతే, ఈ రంగంలో ఉద్యోగాలు ఒక్కసారిగా వందల్లో ఎందుకు ఊడతాయో, ఏఐ ముందుగా వీళ్ల పని మీదికే ఎందుకు వచ్చిందో, బరువు తగ్గించే ఇంజెక్షన్లు రాగానే కంపెనీలన్నీ రంగు ఎందుకు మార్చాయో అర్థం కాదు.

ఈ వ్యాపారం యాప్‌లకన్నా చాలా పాతది. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో జీన్ నైడెచ్ అనే గృహిణి 1961లో స్నేహితురాళ్లను ఇంటికి పిలిచి, తిండి విషయంలో పడే అవస్థలు ఒకరికొకరు చెప్పుకునే కూటమి మొదలుపెట్టింది. 1963కల్లా అది వెయిట్ వాచర్స్ అనే కంపెనీ అయింది. వాళ్లు పాటించిన డైట్ కొత్తదేమీ కాదు, న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ ఉచితంగా ఇస్తున్నదే. వారం వారం వచ్చి తూకం చూసుకోవడం, ఆ వారం ఏం తిన్నామో నలుగురి ముందూ ఒప్పుకోవడం, అందుకు రుసుము కట్టడం మాత్రం కొత్త. మీటింగ్ నడిపే లీడర్ కూడా ఇదే కష్టం పడి బరువు తగ్గినావిడే అయ్యేది. డైట్ ఎక్కడైనా దొరుకుతుందనీ, మనిషి మళ్లీ మళ్లీ రావడంలోనే డబ్బుందనీ ఈ వ్యాపారానికి అరవై ఏళ్ల కిందటే తెలుసు. 2008లో న్యూయార్క్‌లో పుట్టిన నూమ్, 2012లో బెంగళూరులో మొదలై ఇప్పుడు హెల్తీఫై పేరుతో నడుస్తున్న హెల్తీఫైమీ చేసింది ఆ మీటింగ్ హాలును ఫోన్‌లోకి మార్చడమే. హాల్లో లీడర్ కూర్చునే కుర్చీలోకి కోచ్ వచ్చింది. తేడా ఏమిటంటే, హాల్లో ముప్ఫై నలభై మంది కలిసి ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవారు. చాట్‌లో ఆ పనంతా కోచ్ ఒక్కతే, ఒక్కొక్కరికీ విడివిడిగా చెయ్యాలి.

పొద్దున్నే లాగిన్ అవగానే డాష్‌బోర్డ్‌లో పేర్లు కనిపిస్తాయి. నిన్న తిన్నది లాగ్ చేసినవాళ్లు, మూడు రోజులుగా మాయమైనవాళ్లు, ప్లాన్ గడువు దగ్గరపడినవాళ్లు. ఒక కోచ్‌కు 200 మంది క్లయింట్లు ఉన్నారనుకుందాం. ఎనిమిది గంటల్లో మీటింగ్‌కూ రిపోర్టులకూ గంట తీసేస్తే మిగిలేది 420 నిమిషాలు. అంటే మనిషికి రోజుకు రెండు నిమిషాలు. అందులో నాలుగు కాల్స్ అరగంట చొప్పున షెడ్యూల్ అయితే మిగతావాళ్లకు దక్కేది నిమిషంన్నరే. ఆ నిమిషంన్నరలో నిన్నటి భోజనం ఫొటో చూడాలి, గతవారం మాట్లాడుకున్నది గుర్తుతెచ్చుకోవాలి, జవాబు టైప్ చెయ్యాలి. అందుకే రెడీమేడ్ మెసేజ్‌లు పుట్టాయి. "వావ్, గ్రేట్ జాబ్! నీళ్లు బాగా తాగుతున్నారా?" అని వచ్చే మెసేజ్‌లు చాలావరకు ఆ బాపతే. తండ్రి పోయి పదకొండో రోజు కార్యక్రమంలో ఉన్న క్లయింట్‌కు కూడా ఇదే మెసేజ్ వెళ్తుంది. క్లయింట్‌కు ఒక్కసారి అనుమానం వస్తే, ఆ తర్వాత కోచ్ నిజంగా కూర్చుని రాసిన మాటను కూడా నమ్మడు.

టైమింగ్స్ సంగతి ప్రకటనల్లో ఉండదు. క్లయింట్లు తీరిగ్గా దొరికేది ఆఫీసులకు వెళ్లకముందో, రాత్రి భోజనాలయ్యాకో. తెలుగులో మాట్లాడే కోచ్ కావాలని అడిగే డల్లాస్ క్లయింట్‌కు రాత్రి ఎనిమిదంటే ఇక్కడ తెల్లవారుజామున ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. కాబట్టి పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం కాస్త, రాత్రి మళ్లీ మూడు గంటలుగా షిఫ్ట్ ముక్కలవుతుంది. ఇంటి నుంచే పని కాబట్టి పిల్లల్ని చూసుకోవచ్చని చేరిన తల్లికి, పిల్లలు ఇంట్లో ఉండే వేళల్లోనే కాల్స్ పడతాయి.

క్లయింట్ వంటింట్లోకి తొంగిచూడటం

ఇంత ఇరుకులోనూ మంచి కోచ్ చేసే పని ఒకటుంది. చార్ట్ పంపడంకన్నా అదే కష్టం. క్లయింట్ లాగ్‌లో "అన్నం 1 కప్పు, పప్పు 1 కప్పు, బెండకాయ వేపుడు 1 కప్పు" అని ఉంటుంది. యాప్ దాన్ని కేలరీల్లోకి మార్చి అంతా బాగుందని పచ్చరంగు చూపిస్తుంది. బరువు మాత్రం నెలరోజులుగా కదలదు.

"సార్, కప్పు అంటే ఏ కప్పండీ? టీ కప్పా, కూర గిన్నెనా?"

"కొలవలేదు మేడమ్, అందాజాగా పెట్టాను."

"పర్లేదండీ. రేపు తినేముందు ఒక ఫొటో పెట్టండి. మారు వడ్డించుకుంటే అప్పుడు ఇంకోటి. పెరుగన్నం ఇందులో వేశారా?"

"పెరుగన్నం కూడా వెయ్యాలా మేడమ్?"

వండిన అన్నం 100 గ్రాములకు సుమారు 130 కేలరీలు. లాగ్‌లో 150 గ్రాముల కప్పు ఒకటే ఉంది. కంచంలో మొదట పప్పన్నం, తర్వాత పులుసన్నమో చారన్నమో, చివర పెరుగన్నం కలిపి 400 గ్రాములు దాటింది. అంటే ఒక్క పూటలో లెక్కకు రాని కేలరీలు 300 పైచిలుకు. ఇందులో క్లయింట్ అబద్ధమాడిందేమీ లేదు. పెరుగన్నం తెలుగువాళ్ల భోజనానికి ముగింపు, దాన్ని వేరే ఐటమ్‌గా ఎవరూ లెక్కపెట్టరు. ఈ ప్రశ్న అడగాలని ఢిల్లీలోనో ముంబైలోనో తయారైన స్క్రిప్ట్‌కు తట్టదు. భాష వచ్చిన కోచ్‌కు కంపెనీలు ఎందుకు విలువిస్తాయో ఇక్కడ తెలుస్తుంది. క్లయింట్ మాట అర్థం కావడం ఒక్కటే సరిపోదు, అతను చెప్పకుండా వదిలేసిందేమిటో కూడా తెలియాలి.

నూనె విషయం ఇంకా ఇరుకు. ఫొటోలో అన్నం కనిపిస్తుంది గానీ వేపుడులో పోసిన నూనె కనిపించదు. రోజుకు ఎన్ని స్పూన్లని అడిగితే ప్రతి ఇంట్లోనూ "మేం తక్కువే వాడతామండీ" అన్న జవాబే వస్తుంది. అనుభవం ఉన్న డైటీషియన్లు స్పూన్ల లెక్క అడగరు, నెలకు ఎన్ని ప్యాకెట్లు కొంటారని అడుగుతారు. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లయితే మనిషికి రోజుకు దాదాపు 42 మిల్లీలీటర్లు, బరువులో 38 గ్రాములు, కేలరీల్లో 340. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2000 కేలరీల ఆహారంలో పైనుంచి వేసుకునే నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. ఆవకాయలో తేలే నూనె, సాయంత్రం బండి దగ్గర తిన్న మిర్చి బజ్జీ ఈ ప్యాకెట్ల లెక్కలోకి రానే రావు.

అదే మార్గదర్శకాలు ధాన్యాలు రోజుకు 250 గ్రాములకు మించకూడదనీ, మొత్తం శక్తిలో వాటి వాటా 45 శాతం దాటకూడదనీ చెబుతున్నాయి. పప్పుధాన్యాలు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండాలంటున్నాయి. దేశంలో సగటు మనిషికి కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని షుగర్ మీద దేశమంతటా జరిగిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే చెప్పింది. కాబట్టి "అన్నం తగ్గించండి" అనడం సగం సలహాయే. ఆ ఖాళీలోకి పప్పో, గుడ్డో, పెరుగో రాకపోతే రాత్రి పదింటికి ఆకలేసి బిస్కట్ ప్యాకెట్ విప్పుతారు. అన్నం తగ్గిస్తే ఖర్చు తగ్గుతుంది, ప్రొటీన్ పెంచితే పెరుగుతుంది. క్లయింట్ ఇంటి బడ్జెట్ తెలియకుండా రాసిన చార్ట్ రెండు వారాలకు మించి నడవదు.

ఇక చార్ట్ చివరికి ఎవరి చేతికి చేరుతుందన్నది వేరే కథ. మగ క్లయింట్లలో చాలామంది డైట్ ప్లాన్ రాగానే చేసే పని, దాన్ని భార్యకు వాట్సాప్‌లో ఫార్వర్డ్ చెయ్యడం. డబ్బు కట్టిందీ, కోచ్‌తో మాట్లాడిందీ ఆయన. జొన్నరొట్టె చెయ్యాల్సిందీ, మొలకలు నానబెట్టాల్సిందీ యాప్‌లో అకౌంట్ కూడా లేని ఆవిడ. అదే క్లయింట్ కోడలైతే కథ తిరగబడుతుంది. అత్తగారు వండిన కూరలో నూనె ఎక్కువైందని అనగలిగే పరిస్థితి ఎన్ని ఇళ్లలో ఉంది? "ఒక్కదానికోసం వేరే వంటా?" అన్న మాటతో ఆగిపోయే ప్లాన్లు లెక్కలేనన్ని. కోచ్ ఇక్కడ కేలరీలు పక్కన పెట్టి, అందరికీ వండిన కూరలోనే ముందు ముక్కలు పైపైన తీసుకోవడం, అన్నం గరిటెలతో కొలుచుకోవడం లాంటి ఎవరికీ తెలియకుండా చేసుకోగల మార్పులు చెప్పాల్సి ఉంటుంది. ఇది యూనివర్సిటీ సిలబస్‌లో ఉండదు. శిక్షణలో కంపెనీలు నేర్పేదీ అరుదే.

పండగల క్యాలెండర్ కూడా పనిలో భాగమే. సంక్రాంతికి ముందు అరిసెలు, తర్వాత "మేడమ్, మళ్లీ మొదలుపెడదాం" అనే మెసేజ్‌లు. కార్తీక మాసంలో పగలంతా ఉపవాసముండి రాత్రి ఒకేసారి తినే క్లయింట్లు, రంజాన్‌లో సహర్, ఇఫ్తార్ వేళలకు ప్లాన్ మార్చమనే హైదరాబాద్ క్లయింట్లు, మాఘంలో ముహూర్తం పెట్టుకుని మూడు నెలల్లో పది కిలోలు తగ్గాలనే పెళ్లికూతుళ్లు. చివరివాళ్లకు కాదని చెప్పగలిగే ధైర్యం ఉన్న కోచ్‌ను కంపెనీ సేల్స్ టీమ్ అంతగా ఇష్టపడదు.

మూడో నెల చిక్కు

శరీరం నడిచే తీరుకూ కంపెనీ బిల్లింగ్ తీరుకూ ఒక దగ్గర గట్టి పేచీ ఉంది. డైట్ మొదలుపెట్టిన తొలి పది రోజుల్లో కిలోన్నర, రెండు కిలోలు తగ్గడం మామూలే. అందులో ఎక్కువ భాగం నీరు. కాలేయంలో, కండరాల్లో నిలవుండే పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్, ప్రతి గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. పిండిపదార్థాలు తగ్గగానే గ్లైకోజెన్ ఖర్చయి ఆ నీరూ పోతుంది. క్లయింట్ సంబరపడి ఇంట్లో వాళ్లందరికీ చెబుతాడు. రెండు మూడు నెలలు తిరిగేసరికి వేగం తగ్గుతుంది. ఒళ్లు తగ్గినకొద్దీ దానికి కావలసిన కేలరీలూ తగ్గుతాయి, ఆకలి పెరుగుతుంది, మొదట్లో ఉన్న పట్టుదల కొంత సడలుతుంది. జీవనశైలి మార్పు మీద జరిగిన ప్రయోగాల్లో బరువు తగ్గడం సాధారణంగా ఆరు నెలల దగ్గర ఆగి, ఆ తర్వాత మెల్లగా వెనక్కి రావడం కనిపిస్తుంది.

మూడు నెలల ప్లాన్ కట్టిన క్లయింట్‌కు రెన్యూవల్ ఫోన్ వెళ్లేది సరిగ్గా ఈ మందగించే సమయంలో. "ఇప్పుడు నెమ్మదించడం సహజం, తగ్గినది నిలబెట్టుకోవడమే అసలు పని" అని కోచ్ చెప్పాలి. అది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అదే కాల్‌లో "ఇంకో ఆరు నెలలు తీసుకుంటే డిస్కౌంట్ ఉంది" అని కూడా చెప్పాల్సి వస్తే, మొదటి మాట అమ్మకం కోసం చెప్పినట్టే వినిపిస్తుంది. వైద్యసలహా, అమ్మకం ఒకే నోటి నుంచి రావడంలో ఉన్న ఇబ్బంది ఇది. జీతంలో కొంత భాగం రెన్యూవల్ ఇన్సెంటివ్‌గా పెట్టినచోట ఆ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. కొన్ని చోట్ల రెన్యూవల్ కాల్‌ను వేరే టీమ్‌కు ఇచ్చి కోచ్‌ను పక్కన ఉంచుతారు. అలాంటి కంపెనీల్లో పని కాస్త మనశ్శాంతిగా సాగుతుంది.

దూరం నుంచి కోచింగ్ అసలు పనిచేస్తుందా అంటే, చేస్తుందనే చెప్పాలి, హద్దులు ఎరిగి. అమెరికాలో 3234 మందితో జరిగి 2002లో ఫలితాలు వెలువడిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో, లైఫ్‌స్టైల్ కోచ్‌ల సాయంతో 7 శాతం బరువు తగ్గించుకోవడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యాలుగా పెట్టారు. షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. అక్కడ ఒక్కొక్కరితో కోచ్ ఎదురెదురుగా కూర్చుని 16 పాఠాలు చెప్పింది. రోజుకు రెండు నిమిషాల చాట్‌తో దాన్ని పోల్చలేం. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన భారతీయ అధ్యయనంలో, బరువు చెప్పుకోదగ్గట్టు తగ్గకపోయినా ఆహారం, నడకలో మార్పులతోనే షుగర్ ముప్పు 28.5 శాతం తగ్గింది. అదే బృందం తర్వాత షుగర్ అంచున ఉన్న 537 మంది ఉద్యోగస్తులైన మగవాళ్లలో సగం మందికి ఫోన్‌కు ఎస్సెమ్మెస్‌లు పంపుతూ రెండేళ్లు గమనించింది. మెసేజ్‌లు అందినవాళ్లలో 18 శాతం మందికి, అందనివాళ్లలో 27 శాతం మందికి షుగర్ వచ్చింది. 2013 నాటి ఈ ఫలితం చూస్తే, దూరం నుంచి వచ్చే చిన్న మాటకు కూడా బలం ఉందని తేలుతుంది. దాంతోపాటు, కిలోల లెక్క ఒక్కటే చూస్తే కోచ్ చేసిన మేలులో కొంత కనిపించకుండా పోతుందని కూడా.

కంపెనీలు చూపించే లెక్కలను మాత్రం జాగ్రత్తగా చదవాలి. నూమ్ వాడిన 35,921 మందిలో 77.9 శాతం మంది బరువు తగ్గినట్టు 2016లో ఒక శాస్త్రీయ పత్రం వచ్చింది. వినడానికి గొప్ప సంఖ్య. ఆ 35,921 మంది ఎవరంటే, కనీసం ఆరు నెలలపాటు నెలకు రెండుసార్లయినా వివరాలు నమోదు చేస్తూ వచ్చినవాళ్లు. మొదటి నెలలోనే యాప్ తీసేసినవాళ్లు అందులో లేరు. పరీక్ష రాసినవాళ్లలో పాసైన శాతం చెప్పి, హాల్ టికెట్ తీసుకుని రానివాళ్లను వదిలేసినట్టు.

ఊడే ఉద్యోగాలు

సబ్‌స్క్రిప్షన్ వ్యాపారంలో క్లయింట్లు పెరిగినప్పుడు కోచ్‌లను వందల్లో తీసుకోవాలి, తగ్గినప్పుడు వందల్లో తీసెయ్యాలి. లాక్‌డౌన్‌లలో ఇంట్లో కూర్చుని బరువు పెరిగిన జనం ఈ యాప్‌ల మీద పడ్డారు. 2022కల్లా ఆ ఊపు తగ్గింది. నూమ్ ఆ ఏప్రిల్‌లో 495 మంది కోచ్‌లను, అక్టోబరులో మరో 500 మంది దాకా ఉద్యోగులను తీసేసింది, రెండోసారి కూడా అందులో కోచ్‌లు చాలామంది. హెల్తీఫైమీ అదే ఏడాది డిసెంబరులో సుమారు 150 మందిని తొలగించింది. అంతకుముందే, 2020 మేలో, వెయిట్ వాచర్స్ తన సిబ్బందిని మూకుమ్మడి జూమ్ కాల్స్‌లో తీసేసిన తీరు వార్తలకెక్కింది. ఇంటి నుంచి పని ఇచ్చినంత తేలిగ్గా తియ్యనూవచ్చు. ఆఫీసు ఖాళీ చెయ్యనక్కర్లేదు, పాస్‌వర్డ్ మార్చేస్తే సరిపోతుంది.

ఏఐ సంగతి చాట్‌జీపీటీతో మొదలవలేదు. హెల్తీఫైమీ 'రియా' అనే ఏఐ కోచ్‌ను 2017లోనే తెచ్చింది. కోచ్‌లు సంవత్సరాల తరబడి క్లయింట్లతో చేసిన సంభాషణలే ఇలాంటి వ్యవస్థలకు మేత. "ఇడ్లీ తినొచ్చా?", "గ్రీన్ టీ ఎప్పుడు తాగాలి?" లాంటి ప్రశ్నలకు మనిషి అక్కర్లేదన్నది ఒప్పుకోవాల్సిందే. వాటికి బాట్ అర్ధరాత్రి కూడా విసుక్కోకుండా జవాబిస్తుంది. చిక్కంతా ఎక్కడంటే, "ఇడ్లీ తినొచ్చా?" అన్న ప్రశ్న వెనకాల చాలాసార్లు వేరే సంగతి ఉంటుంది. షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్రో, ఇన్సులినో వాడుతున్న షుగర్ రోగి బరువు తగ్గే ఉత్సాహంలో పొద్దున టిఫిన్ మానేస్తే, పదకొండింటికి చెమటలు పట్టి చేతులు వణకొచ్చు. "కొంచెం నీరసంగా ఉంది మేడమ్, డైట్ వల్లేనా?" అని వచ్చే మెసేజ్‌ను డైట్ ప్రశ్నగా చదివితే ప్రమాదం. వెంటనే మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగమని, షుగర్ చూసుకోమని, డాక్టర్‌కు ఫోన్ చెయ్యమని చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉన్నాయనకు అందరిలాగే ప్రొటీన్ పెంచమని చెప్పకూడదు. తిని వాంతి చేసుకునే అమ్మాయికి బరువు తగ్గినందుకు శభాష్ అనకూడదు. కోచ్ పనిలో ఇది చిన్న భాగమే, కానీ తప్పు జరిగితే నష్టం పెద్దది.

మరి ఈ తేడా తెలిసినవాళ్లే కోచ్‌లవుతున్నారా అంటే, చట్టం ఇంకా పూర్తిగా పట్టు బిగించలేదు. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం డైటీషియన్, న్యూట్రిషనిస్ట్ వృత్తులను తన జాబితాలో చేర్చింది. రాష్ట్రాల్లో కౌన్సిళ్లు, రిజిస్ట్రేషన్లు మెల్లగా సాగుతున్నాయి. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష రాసి రిజిస్టర్డ్ డైటీషియన్ అనిపించుకున్నవాళ్లు ఒకవైపు, మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో వచ్చినవాళ్లు ఇంకోవైపు, కాలనీల్లో పొద్దున్నే షేక్ కలిపి ఇచ్చే నెట్‌వర్క్ మార్కెటింగ్ 'వెల్‌నెస్ కోచ్'లు మరోవైపు. క్లయింట్ కళ్లకు ముగ్గురూ కోచ్‌లే. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు కూడా ఇదే గందరగోళం. చేరడానికి ముందే రిజిస్ట్రేషన్ ఫీజో, ప్రొడక్టుల కిట్‌కు డబ్బో అడిగితే అది ఉద్యోగం కాదని తెలుసుకోవాలి.

అమెరికాలో పరిస్థితి రాష్ట్రానికొక రకం. హెదర్ డెల్ కాస్టిలో అనే హెల్త్ కోచ్ కాలిఫోర్నియాలో చేసినట్టే ఫ్లోరిడాకు మారాక కూడా డబ్బు తీసుకుని ఆహార సలహాలిచ్చింది. లైసెన్స్ లేదని 2017లో ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ జరిమానా వేసింది. భావప్రకటన స్వేచ్ఛ కింద ఆమె వేసిన దావాను ఫెడరల్ అప్పీల్ కోర్టు 2022లో తోసిపుచ్చింది. దూరం నుంచి సలహా ఇస్తున్నామంటే క్లయింట్ ఉన్నచోటి చట్టం కూడా వర్తించవచ్చన్నమాట. భర్త ఉద్యోగరీత్యా హెచ్-4 వీసా మీద వెళ్లిన తెలుగు డైటీషియన్లు ఇంకో సంగతి చూసుకోవాలి. వర్క్ పర్మిట్ లేకుండా అక్కడ కూర్చుని ఇండియా కంపెనీకి పనిచేసి ఇక్కడి ఖాతాలో జీతం తీసుకున్నా, ఇమిగ్రేషన్ పరంగా అది రిస్కే. ఆ నిర్ణయం లాయర్‌ను అడక్కుండా తీసుకోకూడదు.

మన దగ్గర ఆఫర్ లెటర్‌లో చూడాల్సిన మొదటి మాట 'ఉద్యోగి'నా, 'కన్సల్టెంట్'నా అన్నది. కన్సల్టెంట్ అయితే జీతం బదులు ప్రొఫెషనల్ ఫీజు వస్తుంది, అందులో 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, పీఎఫ్ ఉండదు. ఉద్యోగినులకు చట్టం ఇచ్చే 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు కూడా ఉండదు. దాదాపు అందరూ ఆడవాళ్లే, అందులోనూ పెళ్లీడు, పిల్లలు పుట్టే వయసువాళ్లే ఎక్కువగా ఉండే వృత్తిలో ఈ ఒక్క పదం తేడా చాలా డబ్బు. ఒక్కో కోచ్‌కు ఎంతమంది క్లయింట్లు, ఇన్సెంటివ్ దేనికి కట్టారు, రాత్రి వచ్చే మెసేజ్‌కు ఎన్ని గంటల్లో జవాబివ్వాలి, సందేహం వస్తే అడగడానికి పైన డాక్టర్ ఎవరైనా ఉన్నారా అని ఇంటర్వ్యూలోనే అడగడం మంచిది. జవాబులు దాటవేసే కంపెనీలో పని కూడా అలాగే ఉంటుంది. క్లయింట్ల రిపోర్టులు, ఫొటోలు సొంత ఫోన్ వాట్సాప్‌లోకి తెచ్చుకోకపోవడం కోచ్‌కే క్షేమం. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక వీటిని ఎవరు, ఎందుకు దాచుకున్నారన్నది ఊరికే అడిగే ప్రశ్న కాదు.

ఇప్పుడు ఈ ఉద్యోగాన్ని అన్నిటికన్నా ఎక్కువగా మారుస్తున్నవి ఇంజెక్షన్లు. ఆకలిని తగ్గించే సెమాగ్లూటైడ్ అనే సూదిమందు మీద 2021లో వచ్చిన స్టెప్-1 ప్రయోగంలో, 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గింది, మందు లేని సూది పొడిపించుకున్నవాళ్లకు 2.4 శాతమే. రెండు వర్గాలకూ ఆహార సలహాలు అందాయి. కాబట్టి సలహా ఒక్కదానితో జరిగేది ఎంతో, మందు కలిస్తే జరిగేది ఎంతో పక్కపక్కనే కనిపించింది. వెయిట్ వాచర్స్ 2023లో ఈ మందులు రాసే సీక్వెన్స్ అనే టెలీహెల్త్ (ఆన్‌లైన్ వైద్యం) కంపెనీని 106 మిలియన్ డాలర్లకు కొన్నా నిలదొక్కుకోలేక, 1.15 బిలియన్ డాలర్ల అప్పు వదిలించుకోవడానికి 2025 మేలో దివాలా రక్షణ కోరింది. భారత్‌లోకి ఇదే కోవకు చెందిన మౌంజారో 2025 మార్చిలో, సెమాగ్లూటైడ్‌నే అమ్మే వెగోవీ జూన్‌లో వచ్చాయి. సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు ఇక్కడ 2026 మార్చి వరకే కాబట్టి దేశీ కంపెనీల చవక మందులదే ఇక పోటీ. ఆ తయారీ పోటీలో హైదరాబాద్ ఫార్మా కంపెనీలూ ముందున్నాయి.

దాంతో కోచ్ పని తలకిందులవుతోంది. ఇన్నాళ్లూ తక్కువ తినమని బతిమాలిన క్లయింట్‌ను ఇప్పుడు తినమని బతిమాలాలి. సూది డోసు పెంచిన వారం వికారం, మలబద్ధకం, రెండు ముద్దలకే కడుపు నిండిపోవడం ఉంటాయి. "అసలు ఆకలే లేదు మేడమ్, రోజంతా మజ్జిగే" అన్న మెసేజ్ క్లయింట్‌కు ఆనందం, కోచ్‌కు టెన్షన్. తగ్గే బరువులో కండ కూడా పోతుంది కాబట్టి, తినగలిగే ఆ నాలుగు ముద్దల్లో గుడ్డో, పనీరో, గట్టి పప్పో ముందు వెళ్లేట్టు చూడాలి. వేపుళ్లు, మసాలాలు ఆ వారం మాన్పించాలి. ఆగని వాంతులో, విడవని కడుపునొప్పో ఉంటే చాట్ ఆపి డాక్టర్ దగ్గరికి పంపాలి. మందు ఆపాక ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు అదే ప్రయోగం కొనసాగింపులో తేలింది. అంటే మందు మీద ఉన్న నెలల్లో నేర్పిన అలవాట్ల అవసరం మందు మానాక ఇంకా ఎక్కువ.

హెల్తీఫై 2025లో వెగోవీ తయారీదారు నోవో నార్డిస్క్‌తో కలిసి, ఆ మందు వాడేవాళ్లకు కోచింగ్ ఇచ్చే ఒప్పందం చేసుకుంది. మందుల కంపెనీలు ఇలా కోచ్‌లను పెట్టించడం ముందుముందు పెరుగుతుంది. రెన్యూవల్ కోసం క్లయింట్ మళ్లీ డబ్బు కట్టేదాకా వేచిచూసే కంపెనీకీ, సూది మానకుండా ఉంటేనే లాభం ఉన్న కంపెనీకీ కోచ్ నుంచి కావలసింది ఒకటి కాదు. ఖర్చు భరించలేకో, వికారం తట్టుకోలేకో "ఇక మానేద్దామనుకుంటున్నా మేడమ్, ఏమంటారు?" అని క్లయింట్ అడిగినప్పుడు, డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా ఎలా ఆపాలో, ఆపాక ఏం తినాలో చెప్పే వీలు కోచ్‌కు ఉందా లేదా అన్నది ఆ ఒప్పందాల్లోని షరతులను బట్టి ఉంటుంది.